ఆరు అంగుళాల వీధి

(విజయవాడలో చిత్రకళా విద్యార్థులు, డ్రాయింగు మాస్టార్లు కలిసిన ఒక ఆదివారం ఉదయం చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం. నేను మొదలుపెట్టేలోపు ఈ డబ్బాను మీ మధ్య తిరగనివ్వండి. మూత మీద బందరు లడ్డు బొమ్మ ఉందని లోపల చేయి పెట్టేరు, జాగ్రత్త. అందులో ఉన్నవి వీధిలో నిలబడి నేను బొమ్మలు వేసిన నాలుగు బోర్డులు. ఒక్కొక్కటి 8 అంగుళాల వెడల్పు, 6 అంగుళాల ఎత్తు. మూడు ఆరినవే. నాలుగోది ఇవాళ పొద్దున్నే వేసింది, ఇంకా పచ్చిగా ఉంది. అంచులు మాత్రమే పట్టుకోండి.

పెద్ద చిత్రం ఎలా వేయాలో చెప్పమని నన్ను పిలిచారు. నాకు తెలిసినదంతా ఆ డబ్బాలోనే ఉంది. మిగతాదంతా పెద్ద కాన్వాసు కొనడానికి డబ్బు, దాన్ని మేడ మెట్లు ఎక్కించడానికి ఇద్దరు మనుషులు.

చాలా ఏళ్ళ కిందట మొదటిసారి రంగుల పెట్టె పట్టుకుని వన్ టౌన్‌లో ఒక సందు మొదట నిలబడ్డాను. చేయి చాచి, కుంచె నిలువుగా పట్టుకుని, ఒక కన్ను మూసి ఎదుటి మేడ ఎత్తు కొలుస్తున్నాను. ఐదు నిమిషాల్లో నలుగురు చేరారు. ఒక పెద్దాయన కొట్టు మెట్లు దిగి వచ్చి, ఎంతో మర్యాదగా, "ఏమండీ, మా వైపు ఎన్ని అడుగులు పోతుంది?" అని అడిగారు. నాకు మొదట అర్థం కాలేదు. రోడ్డు వెడల్పు చేయడానికి కొలతలకు వచ్చిన మనిషిననుకున్నారు పాపం. బొమ్మ వేసుకోవడానికి వచ్చానండీ అంటే నమ్మలేదు. బోర్డు మీద నాలుగు మచ్చలు పడేదాకా పక్కనే నిలబడి చూశారు. అప్పుడు గాని ఆయన ముఖంలో రక్తం ఆడలేదు. వెంటనే రెండో ప్రశ్న వేశారు. "అన్నీ బాగానే ఉన్నాయి గానీ మాస్టారూ, మా కొట్టు పేరు రాయలేదేం?"

నాకు ఆ పూట జవాబు తోచలేదు. ఇప్పుడు చెప్పగలను. ఆ పొద్దున నేను ఆ వీధిని అడగడానికి వెళ్ళింది ఒకే ఒక్క మాట. ఎండ పడిన గోడకూ, ఎదుటి వరుస నీడకూ మధ్య తేడా ఎంత? కొట్టు పేరు ఆ జవాబులో లేదు. ఆయనా లేరు, నా పక్కన నిలబడ్డ నలుగురూ లేరు. ఒక్క ప్రశ్నతో వెళ్ళి ఒక్క జవాబుతో వచ్చేదాన్నే నేను స్టడీ అంటాను. పుస్తకాల్లో 'అధ్యయన చిత్రం' అని రాస్తున్నారు. గంభీరంగా ఉంది గానీ, మార్కెట్లో బస్తాల మధ్య నిలబడి అనుకునే మాట కాదది.

ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. ఫ్రాన్సులో వాలెన్సియెన్ అనే చిత్రకారుడు 1800లో తెచ్చిన తన పుస్తకంలో శిష్యులకు ఒక లెక్క చెప్పాడు. బయట నూనెరంగులతో వేసే స్టడీకి రెండు గంటలు దాటకూడదు. పొద్దు పొడిచే వేళ, పొద్దు గూకే వేళ అయితే అరగంట. అంతకు మించి కూర్చుంటే వెలుగు మారిపోయి, ఒకే బోర్డు మీద రెండు వేళలు కలగాపులగం అవుతాయి. నేను ఆ రెండు గంటలు నమ్మి మొదట్లో బాగా మోసపోయాను. ఆయన లెక్క ఆయన ఊరికి సరైనదే. పారిస్ దాదాపు 49 డిగ్రీల అక్షాంశం మీద ఉంది, మన ఊరు పదహారున్నర డిగ్రీల మీద ఉంది. అక్కడ సూర్యుడు ఏటవాలుగా, తీరిగ్గా పైకి వస్తాడు. ఇక్కడ నిచ్చెన వేసుకున్నట్టు నిటారుగా ఎక్కేస్తాడు. మీరు ప్యాలెట్ మీద రంగు కలిపేలోపు ఎదుటి అరుగు మీది నీడ ఒక మెట్టు దిగిపోతుంది. అందుకే నాది నలభై నిమిషాల లెక్క. గడియారం పెట్టుకుంటాను. మోగితే కుంచె కింద పెట్టేస్తాను, సగమే అయినా సరే. సగం అయిన స్టడీలో ఒక వేళ ఉంటుంది. పూర్తిచేసిన దాంట్లో ఏ వేళా ఉండదు.

వాలెన్సియెన్ కాలంలో రంగులు మోసుకుపోవడమే పెద్ద యాతన. పంది మూత్రాశయంతో చేసిన తిత్తుల్లో రంగు కట్టి ఉంచేవారు. చిన్న మేకుతో చిల్లు పొడిచి పిండుకోవాలి, మళ్ళీ ఆ చిల్లు పూడ్చాలి. 1841లో జాన్ గోఫ్ రాండ్ అనే అమెరికా చిత్రకారుడు లండన్‌లో ఉంటూ తగరపు ట్యూబుకు పేటెంటు తీసుకున్నాడు. ట్యూబు నొక్కి పిండుకోవడం అప్పటినుంచీ. ఆయన వేసిన బొమ్మలు ఎవరికీ గుర్తు లేవు, ఆ ట్యూబు మాత్రం మన అందరి సంచుల్లో ఉంది. చిత్రకారుడికి అది వరమో శాపమో మీరే చెప్పాలి.

ఇంగ్లండులో కాన్‌స్టబుల్ అనే చిత్రకారుడు 1821, 1822 సంవత్సరాల్లో హాంప్‌స్టెడ్ అనే చోట మేఘాల స్టడీలు వరసగా వేశాడు. వాటి వెనక తేదీ, వేళ, గాలి ఎటు వీస్తున్నదీ రాసుకునేవాడు. ఆయన దగ్గర నేను దొంగిలించిన అలవాటు అదొక్కటే. మీ చేతిలో ఉన్న బోర్డులు తిప్పి చూడండి. 'ఉదయం 7.10. ఎండ. నీలం బరకం. లారీ అడ్డం.' ఆ చివరి మాట చూసి నవ్వుతున్నారు. రెండేళ్ళ తర్వాత ఆ స్టడీ తీసి, ఎడమవైపు నలుచదరంగా ఇంత బూడిదరంగు ఎందుకుందని తల బద్దలు కొట్టుకునేటప్పుడు ఆ లారీయే నన్ను ఆదుకుంది.

ఇక మన ఎండ సంగతి. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. రోళ్ళ మాట తెలియదు గానీ, రంగులు మాత్రం ఆవిరైపోతాయి. మే నెల మధ్యాహ్నం పన్నెండింటికి బీసెంట్ రోడ్డులోకి ఒకసారి తొంగి చూడండి, ఒక్క నిమిషం చాలు. రోడ్డు ఏ రంగులో ఉంది? నలుపు అని రాస్తారు అందరూ. తారు నలుపని మనకు తెలుసు కదా, ఆ తెలివే కొంప ముంచుతుంది. కళ్ళు సగం మూసి చూడండి. దుమ్ము పట్టిన ఆ తారు ఆ వేళ నీడలో ఉన్న తెల్ల సున్నపు గోడ కంటే తెల్లగా ఉంటుంది. ఇది నేను చెబితే నమ్మకండి. ఒక అట్టముక్కకు చిన్న చిల్లు చేసి, అందులోంచి ముందు రోడ్డును, తర్వాత నీడలోని గోడను చూడండి. చిల్లులోంచి చూసినప్పుడు రోడ్డు రోడ్డనీ, గోడ గోడనీ తెలియదు. రెండు మచ్చలు, అంతే. ఏది తెలుపో అప్పుడు కన్ను నిజం చెబుతుంది.

తలెత్తి బాల్కనీల అడుగుభాగం చూడండి. సూర్యుడు నడినెత్తిన ఉన్నాడు కాబట్టి అక్కడ చిమ్మచీకటి ఉండాలి. ఉండదు. రోడ్డు మీద పడిన ఎండ పైకి ఎగసి, బాల్కనీ అడుగున తేనెరంగు పూసి ఉంటుంది. మన మధ్యాహ్నపు వీధిలో అన్నిటికంటే అందమైన చోటు అదే. దాన్ని ఫోనులో తీసుకురండి చూద్దాం. ఫోను ఆ నీడను నల్లగా తొక్కేస్తుంది. ఈ మధ్య వచ్చినవైతే ఇంకా తెలివిమీరి, ఎండనూ నీడనూ సర్దుబాటు చేసి రెండింటినీ ఒకే మెట్టు మీద కూర్చోబెడుతున్నాయి. నేను ఫోనుకు శత్రువును కాను. కరెంటు తీగలు ఎన్ని, ఏ కిటికీకి ఎన్ని రెక్కలు అన్న లెక్కలకు వాడుకుంటాను. వెలుగు విషయంలో మాత్రం దాని సాక్ష్యం చెల్లదు.

కాళేశ్వరరావు మార్కెట్ చుట్టుపక్కల కొట్ల మీద ఎండకు కట్టే బరకాల సంగతి కూడా చెప్పాలి. కొత్తగా నేర్చుకునేవారికి అంతకంటే మంచి బడి లేదు. నీలం బరకం కింద టమాటాలు వంకాయల వైపు తిరుగుతాయి. పచ్చ బరకం కింద మనిషి ముఖం జ్వరం వచ్చి లేచినట్టుంటుంది. నారింజరంగు బరకం కింద పచ్చి టమాటా కూడా పండినట్టే కనిపిస్తుంది. ఆ సంగతి చిత్రకారుల కంటే ముందు కూరగాయల వ్యాపారులకు తెలుసు. బరకం ఎంపికలో వాళ్ళు మనకు గురువులు.

సామాను గురించి ఎక్కువ చెప్పను. మూడు మిల్లీమీటర్ల ఎండీఎఫ్ బోర్డు, అంటే చెక్కపొడి అదిమి చేసిన పలక, కోయించుకుని రెండు పూతల ప్రైమర్, అంటే రంగు పట్టడానికి ముందుగా వేసే తెల్ల పూత, వేయండి. దాని మీద పలచని కాలిన మట్టిరంగు, అంటే బర్న్ట్ సియెన్నా, తుడిచినట్టు పూసి ముందురోజే ఆరబెట్టండి. తెల్ల బోర్డు మన ఎండలో కళ్ళు పీకేస్తుంది, పైగా ప్రతి రంగూ దాని పక్కన నల్లగా అనిపిస్తుంది. నా సంచిలో ఉండే రంగులు తెలుపు, ఎల్లో ఓకర్ అనే పసుపు మట్టిరంగు, బర్న్ట్ సియెన్నా, అల్ట్రామెరైన్ అనే నీలం, ఒక ఎరుపు, ఒక నిమ్మపసుపు. ఆకుపచ్చ ట్యూబు తీసుకెళ్ళను, నలుపు అసలే తీసుకెళ్ళను. కుంచె ముప్పావు అంగుళం చదునుది ఒకటి. ఇంత చిన్న బోర్డుకు అంత పెద్ద కుంచె ఏమిటని అడుగుతారు. సన్న కుంచె చేతిలో ఉంటే కొట్టు పేరు రాయాలనిపిస్తుంది. అందుకు.

ఒక్క విషయం మాత్రం గట్టిగా చెబుతాను. రంగు తుడిచిన గుడ్డ పేలికలను ఉండచుట్టి స్కూటరు డిక్కీలో పడేయకండి. అవిసె నూనె నీళ్ళలాగా ఆవిరై ఆరదు. గాలిలోని ఆక్సిజన్‌ను పట్టుకుని గట్టిపడుతుంది. ఆ పనిలో వేడి పుడుతుంది. ఉండచుట్టిన గుడ్డలో ఆ వేడి బయటికి పోయే దారి లేక, పేరుకుని, దానంతటదే అంటుకోగలదు. అగ్గిపుల్ల అక్కరలేదు. మన వేసవిలో డిక్కీ ఎంత కాగుతుందో మీకు వేరే చెప్పాలా? పేలికలను విడివిడిగా పరిచి ఆరబెట్టండి, లేదంటే మూత ఉన్న రేకు డబ్బాలో నీళ్ళు పోసి అందులో వేయండి.

ఇప్పుడు నా పరాభవం చెబుతాను. ఇంద్రకీలాద్రి పడమట అడ్డంగా నిలబడి ఉంటుంది కదా, కొండ కింది వన్ టౌన్ వీధులకు గడియారం కంటే ముందే సాయంత్రం దిగుతుంది. ఆకాశంలో ఎండ ఉంటుంది, మేడల పై అంతస్తు మీద పసుపు ముద్దలాగా ఎండ ఉంటుంది, కింద వీధి మాత్రం నీలంలో మునిగిపోయి ఉంటుంది. ఆ వేళ నాకు పిచ్చి. ఒక సాయంత్రం దాన్ని ముప్పై నిమిషాల్లో ఆరు ఎనిమిది బోర్డు మీద పట్టాను. పట్టాననే చెప్పాలి, అంత బాగా కుదిరింది. పైన ఒక పసుపు మచ్చ, కింద రెండు కుంచె దెబ్బల నీలం, మధ్యలో తోపుడుబండి అనిపించే ఒక గీత. ఇంటికి వచ్చినవాళ్ళందరూ దాని ముందే ఆగేవారు.

ఇంకేం, పెద్దది చేద్దామనుకున్నాను. 60 అంగుళాల వెడల్పు, 45 అంగుళాల ఎత్తు కాన్వాసు బిగించాను. స్టడీ మీద గళ్ళు కొట్టి, కాన్వాసు మీద గళ్ళు కొట్టి, గడికి గడి ఎక్కించాను. రెండు నెలలు పట్టింది. పూర్తయ్యాక దూరంగా నిలబడి చూస్తే అది గాలి కొట్టిన బెలూనులా ఉంది. అదే బొమ్మ, అవే రంగులు, ప్రాణం మాత్రం లేదు.

లెక్క చూడండి. వెడల్పులో ఏడున్నర రెట్లు, ఎత్తులో ఏడున్నర రెట్లు. విస్తీర్ణం యాభై ఆరు రెట్లు దాటింది. స్టడీలో అర అంగుళం కుంచె దెబ్బ, కాన్వాసు మీద దాదాపు నాలుగు అంగుళాల మచ్చ. అర అంగుళం దెబ్బ ఒక్క విసురులో పడింది, అందులో మణికట్టు ఉంది. నాలుగు అంగుళాల మచ్చను నేను జాగ్రత్తగా అంచులు దిద్ది నింపాను, అందులో భయం ఉంది. ఇక వీధి నేల. స్టడీలో రెండు దెబ్బలు చాలాయి. కాన్వాసులో అదే నేల పదిహేను అంగుళాల ఎత్తున, అటునుంచి ఇటుదాకా పరుచుకుని, 'నాలో ఏముంది?' అని అడుగుతోంది. నా దగ్గర సమాధానం లేదు. ఆ స్టడీని నేను నేల గురించి అడగలేదు కదా.

అప్పుడు కాయ్‌బోత్ అనే ఫ్రెంచి చిత్రకారుడి చిత్రాన్ని కొత్తగా చూశాను, పుస్తకాల్లోనే లెండి. వాన పడుతున్న పారిస్ వీధి, 1877 నాటిది. దాదాపు ఏడడుగుల ఎత్తు, తొమ్మిదడుగుల వెడల్పు, ఇప్పుడు చికాగోలో ఉంది. దాని కోసం వేసిన నూనెరంగుల స్టడీ ఒకటి పారిస్‌లో మార్మొత్తాన్ మ్యూజియంలో ఉంది, రెండడుగుల పైచిలుకు వెడల్పు. స్టడీలో వీధి, గొడుగులు, మనుషులు ఎక్కడివక్కడే ఉన్నారు, కానీ అంతా విదిలించినట్టు మచ్చలు. పెద్దదానికి వచ్చేసరికి తడిసిన రాళ్ళు ఒక్కొక్కటీ విడిగా మెరుస్తాయి. ఆ రాళ్ళు చిన్న స్టడీని సాగదీస్తే వచ్చినవి కావు. దాంతోపాటు ఆయన విడిగా వేసుకున్న రేఖాచిత్రాలు, మనుషుల స్టడీలు ఉన్నాయి. ఒక పెద్ద బొమ్మ వెనక ఒక స్టడీ ఉంటుందని నేను అనుకున్నాను. ఒక్కో కొరతకు ఒక్కో స్టడీ ఉంటుందట.

కాన్వాసును గోడకు తిప్పి పెట్టి మళ్ళీ వన్ టౌన్‌కు వెళ్ళాను. ఈసారి తల దించుకుని. ఒక్క నేలనే తొమ్మిది బోర్డుల మీద వేశాను. తొక్కుడు పడిన క్యాబేజీ ఆకులు, బస్తా ఈడ్చిన చార, నీళ్ళు చల్లి గంటైన చోటు, నీళ్ళు ఇప్పుడే చల్లిన చోటు. ఈ చివరి రెండింటికీ మధ్య ఎంత తేడా ఉందో వేస్తే గాని తెలియలేదు. ఇప్పుడే చల్లిన చోట ఆకాశం ఉంటుంది, గంటైన చోట మట్టి ఉంటుంది. రెండు వారాల పాటు టీ కొట్టు బాబాయి నన్ను చూసి, "మాస్టారూ, ఏమన్నా పారేసుకున్నారా?" అని అడుగుతూనే ఉన్నాడు.

మనుషుల కోసం మరో నాలుగు. కదిలే మనిషిని ఎలా వేస్తారని పిల్లలు అడుగుతుంటారు. మార్కెట్లో మనిషి కదలడు, తిరిగి తిరిగి అదే భంగిమకు వస్తాడు. మూట దించేవాడు పొద్దున్నుంచి వందసార్లు దించుతాడు. నడుము వంపు తప్పిపోయిందని కంగారు పడకండి. ఆ వంపు మళ్ళీ వస్తుంది. అతని కష్టం మనకు వీలు కావడం గొప్పగా చెప్పుకునే సంగతి కాదు గానీ, నిజం అదే.

ఆ తర్వాత కాన్వాసు మీద కింది సగం గీకేసి మళ్ళీ వేశాను. ఈసారి గళ్ళు కొట్టలేదు. స్టడీలన్నీ గోడకు వరసగా ఆనించి, చూసి, వాటికి వీపు తిప్పి వేశాను. అంతా బాగుపడిందని చెప్పను. కుడివైపు మేడ ఇప్పటికీ నాకు నచ్చదు. నేల మాత్రం నేలలా ఉంది, కాలు పెడితే జారేలా ఉంది.

ఇంకో మాట. పెద్దది పూర్తయ్యేదాకా స్టడీలు అమ్మకండి. చిన్నవి త్వరగా అమ్ముడుపోతాయి, ధర తక్కువ, గోడ మీద ఒదిగిపోతాయి, అందుకే మనసు లాగుతుంది. నేనొకటి అమ్ముకుని, నెల తిరక్కుండా ఆ రంగు కావలసి వచ్చి, ప్యాలెట్ పట్టుకుని వాళ్ళింటికే వెళ్ళాను. వాళ్ళ హాల్లో నిలబడి రంగు కలుపుకుంటుంటే ఆ ఇంటి ఇల్లాలు కాఫీ తెచ్చి, "అన్నయ్యగారూ, బొమ్మలో ఏదైనా పాడైందా? ముందే చెబితే మార్చి ఇచ్చేవారు కదా" అన్నారు. వాషింగ్ మెషిన్ బాగుచేయడానికి వచ్చినవాడిలా కాఫీ తాగి వచ్చాను.

అడగండమ్మా. ఆ, వెనక వరుసలో అమ్మాయి. కొంచెం గట్టిగా.

తను అడుగుతున్నదేమిటంటే, ఆడపిల్ల ఒక్కతే వీధిలో నిలబడి బొమ్మ వేస్తే చుట్టూ మూగుతారు, చేయి కదలదు, ఏం చేయాలి అని. మంచి ప్రశ్న. నాకు ఎదురైన ఇబ్బంది నవ్వుకునేది, నీకు ఎదురయ్యేది అలాంటిది కాదు. ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్ళండి, గోడకు వీపు ఆనించి నిలబడండి. వెనక ఎవరూ లేకపోతే సగం బెరుకు పోతుంది. లేదా మేడ ఎక్కండి. పిస్సారో అనే చిత్రకారుడు 1897లో కంటి జబ్బుతో బయట కూర్చోలేక, పారిస్‌లో హోటలు గది కిటికీలోంచి మోన్‌మార్త్ బులివార్డును వేశాడు. మంచులో, ఎండలో, వానలో, రాత్రి దీపాల్లో, ఒకే కిటికీలోంచి పద్నాలుగు చిత్రాలు. ఏలూరు రోడ్డు మీద మీ బంధువులెవరికైనా రెండో అంతస్తులో ఇల్లు ఉంటే చాలు, ఏడాది పని దొరికినట్టే. పైనుంచి చూస్తే ఆటోల పైకప్పులు కనిపిస్తాయి. నేలమీద నిలబడ్డ నాకు అవి ఎప్పుడూ దొరకలేదు.

మాస్టారు అడుగుతున్నది ఖర్చు గురించి. నిజమే, ప్రభుత్వ బడి పిల్లలతో నూనెరంగులు కొనిపించలేం. తెలుపు, ఓకర్, సియెన్నా, అల్ట్రామెరైన్, నాలుగే చిన్న ట్యూబులు ఐదుగురికి కలిపి కొనండి. బోర్డు బదులు నోటు పుస్తకం అట్టకు రెండు వైపులా ప్రైమర్ పూయండి. ఒక్క వైపే పూస్తే వంకర తిరుగుతుంది. ఎరుపు లేకుండా మార్కెట్ వేయలేమంటారు పిల్లలు. సియెన్నా పక్కన నీలం పెట్టి చూపించండి, ఎరుపు కనిపిస్తుంది.

డబ్బా తిరిగి వచ్చిందా? ఇటివ్వండి. నాలుగూ ఉన్నాయి. ఇదిగో, ఇవాళ్టి పచ్చి బోర్డు మీద ఎవరిదో బొటనవేలు పడింది. ఎడమ మూల, ఆకాశంలో. ఎవరని అడగను, కంగారు పడకండి. వెనక రాసుకుంటాను, పెన్ను ఉందా ఎవరి దగ్గరైనా? 'ఆదివారం. 11.40. వేలిముద్ర.'